ఒక్కో పురుగుకూ ఒక్కో కప్పు

సోమవారం ఉదయం పది నలభైకి డైరెక్టరు గారి కారు పరిశోధన కేంద్రం గేటు ముందు ఒక్కసారి హారన్ కొట్టింది. వెంటనే గేటు తెరుచుకుంది. వెనక సీట్లో ఉన్న డిటెక్టివ్ అద్దం దించింది.

"రిజిస్టరులో సంతకం పెట్టాలా?"

"ఈ కారుకు అక్కర్లేదమ్మా," అన్నాడు వాచ్‌మన్. "డైరెక్టరు గారి కారు రాయం. హారన్ వినపడితే తీసెయ్యడమే."

ఆమె తల ఊపింది. చేతిలో నోట్‌బుక్కు ఉంది కానీ ఆ మాట రాసుకోలేదు. ఆమెను దించి కారు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది.

అరగంట కిందట డైరెక్టరు తన ఇంట్లో ఆమెకు ఈ పని అప్పగించాడు. చేతికర్ర పిడి మీద రెండు చేతులూ ఆనించి, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాడు. కాయతొలుచు పురుగును తట్టుకునే పత్తి మొక్కను తయారుచేసిన పెద్ద డాక్టరు, పొద్దున తన పురుగుల గదిలోనే తల పగిలి పడి ఉన్నాడు. ఆ పత్తి విత్తనాలు అమ్ముకోవడానికి అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చే కమిటీ రేపే కూర్చుంటుంది. "ఆయన చివరి రోజుల్లో ఏం చేస్తున్నాడో, ఏం దాచాడో నాకు తెలియాలి," అన్నాడు. కోటుకు ఒక గుండీ ఊడిపోయింది, కర్ర పిడి చెమటకు నల్లబడింది, కర్ర కింది కొసకు తొడిగిన వెండి పొన్ను మాత్రం ఆ పొద్దునే తోమినట్టుంది. పనివాళ్ళు శ్రద్ధగలవాళ్ళే అనుకుందామె, గుండీ సంగతి తప్ప.

వరండాలో ఇన్‌స్పెక్టరు ఎదురయ్యాడు. ఆమె భర్తకు సొంత తమ్ముడు.

"రండి వదినగారూ. అన్నయ్య కులాసానా?"

"కులాసా. నువ్వు ఆ మాట అడిగి మూడేళ్ళయిందని ఆయన లెక్క."

"మూడేళ్ళ కిందట కోర్టులో బోనెక్కి నా కేసు మీద నీళ్ళు పోశారు. ప్రమోషన్ పోయింది. ఇంకా పండు, పూవు పట్టుకుని మీ ఇంటికి రావాలా?"

"ఆ కత్తి మీద ఉన్న వేలిముద్ర నీది. ఇంకెవరిదని చెప్పమంటావు?"

పక్కనున్న కానిస్టేబుల్ గోడ వైపు తిరిగి దగ్గాడు. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"మీకు ఇక్కడ పని లేదు. కేసు అయిపోయింది. వినండి, మీకూ కాలక్షేపం అవుతుంది. పెద్ద డాక్టరు గేటు దాటింది ఏడూ పదికి. పురుగులు పెంచే ఆవిడ, అందరూ పురుగులక్క అంటారే, ఆవిడ దాటింది ఎనిమిదీ అయిదుకి. ఎనిమిదీ పన్నెండుకి కేకలు వేసింది. ఈ మధ్యలో మూడో మనిషి గేటు దాటలేదు. రిజిస్టరు నేనే చూశాను. తొమ్మిదీ యాభైకి ఆవిడ లాకరులో ఒక ప్లాస్టిక్ పెట్టె దొరికింది. దాన్లో దొంగిలించిన పురుగులు."

"ఎన్ని?"

"మూడు. ఎన్నయితే ఏం, దొంగతనం దొంగతనమే. ఇంకో విత్తనాల కంపెనీకి అమ్ముతోందట. డాక్టరు పట్టుకున్నాడు, ఆవిడ కొట్టింది. పన్నెండింటికి విలేకరులు వస్తున్నారు. వాళ్ళ ముందే జీపు ఎక్కిస్తాను."

"అమ్ముతోందట అన్నావు. ఎవరన్నారు?"

"చిన్న డాక్టరు. చనిపోయినాయన కింద పనిచేసేవాడు."

"అయితే నాకు గంటా పది నిమిషాలుంది," అంటూ ఆమె గది వైపు నడిచింది. ఆపుదామని చెయ్యెత్తాడు గానీ, డైరెక్టరు ఇచ్చిన కాగితం ఆమె అప్పటికే కానిస్టేబుల్ చేతిలో పెట్టేసింది.

పురుగుల గది పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. ఉడికించిన పిండి వాసన. మూడు గోడలకూ ఇనుప అరలు, అరల నిండా ట్రేలు, ప్రతి ట్రేలోనూ బొటనవేలంత కప్పులు. ఒక్కో కప్పుకు ఒక్కో మూత, మూతకు గుండుసూది బెజ్జాలు, మూత మీద తేదీ. ఏ మూతా వంకరగా లేదు. వంటింటి డబ్బాలు ఇంత కుదురుగా సర్దుకునే ఇల్లాళ్ళను ఆమె ఇద్దరినో ముగ్గురినో చూసి ఉంటుంది.

ఏడో నంబరు ట్రే ఒక్కటే ఖాళీ. కప్పులన్నీ తెరిచి ఉన్నాయి. మూతలు ఒక మూల పోగుగా పడి ఉన్నాయి.

నేల మీద సుద్దముక్కతో గీసిన మనిషి ఆకారం. బల్ల మీద ఆకులు నూరే చిన్న రాతి కల్వం, దాని బండ. బండకు చీటీ కట్టి ఉంది.

"హత్య చేసింది దీంతోనే," అన్నాడు వెనకే వచ్చిన ఇన్‌స్పెక్టరు.

ఆమె చేతిగుడ్డతో బండను పట్టుకుని వెలుతురుకు తిప్పింది. కొసన ఆకుపసరు ఎండి పొలుసు కట్టింది. ఎక్కడా చెదరలేదు.

"గాయం ఎంత ఉంది?"

"రిపోర్టు రాలేదు. శవాన్ని చూసిన పోలీసు డాక్టరు నోటితో చెప్పాడు. గుండ్రంగా, రూపాయి బిళ్ళంత, లోతుగా."

"ఈ బండ కొస దానికి రెండింతలుంది. దీంతో పుర్రె పగలగొడితే పసరు రాలాలి. కడిగారనుకుంటే అసలు పసరే ఉండకూడదు. దీన్ని రెండు రోజులుగా ఎవరూ ముట్టుకోలేదు."

"వంకరగా తగిలి ఉంటుంది."

"వంకరగా తగిలితే గాయం గుండ్రంగా ఉండదు, మరిదిగారూ."

"మీరు నా కేసుల్లో తప్పులు వెతకడానికే పుట్టారు."

"అంత పని నాకెక్కడిది? పైపైన చూస్తేనే బోలెడు దొరుకుతున్నాయి."

పురుగులక్కను పక్కనున్న సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. నలభై అయిదేళ్ళు ఉంటాయి. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుంది, జుట్టు బిగించి ముడి వేసుకుంది. ఏడవడం లేదు. డిటెక్టివ్ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంటే మొహం పక్కకు తిప్పుకుంది.

"మీరెవరి తరఫు?"

"డైరెక్టరు గారు పిలిపించారు."

"అయితే నాతో మీకేం పని? నన్ను జీపెక్కిస్తే మీ అందరికీ సుఖం. వెళ్ళండి."

"ఏడో ట్రే ఎందుకు ఖాళీగా ఉంది?"

అక్క చివాలున తిరిగింది. "ఖాళీగా ఉందా? ఎవరు తీశారు? శనివారం అయిదింటికి నేను చూసినప్పుడు నలభై రెండు ఉన్నాయి! దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోనని పెద్ద డాక్టరు గారు మరీ మరీ చెప్పారు."

"ఏమిటి ఆ నలభై రెండు?"

అక్క నోరు బిగించింది. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది.

"అక్కా, పన్నెండింటికి నిన్ను తీసుకుపోతారు. ఆ తర్వాత నువ్వేం చెప్పినా వినేది మా మరిది. ఆయన ఎలా వింటాడో నాకు తెలుసు."

అక్క చెప్పడం మొదలుపెట్టింది, చిన్నపిల్లకు పాఠం చెప్పినట్టు.

"మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి పురుగుకు విషం. ఆ విషం తయారయ్యే గుణాన్ని తీసుకొచ్చి పత్తి మొక్కలో పెట్టారు. మనకేం కాదు, పశువులకేం కాదు. కాయతొలుచు పురుగు ఆ ఆకు తిందంటే మాత్రం మూడో రోజుకు చావాలి. పదకొండేళ్ళుగా నేను పెంచి ఇస్తున్నాను, అవి తిని చస్తున్నాయి. పోయిన నెల మన పరీక్ష పొలం నుంచి పెద్ద డాక్టరు గారు కొన్నిటిని తెచ్చారు. వాటికి ఆ ఆకే వేశాం. మూడో రోజు చూశాను, నాలుగో రోజు చూశాను. హాయిగా తింటున్నాయి, లావెక్కుతున్నాయి."

"మొక్క పని చెయ్యడం లేదన్నమాట."

"మొక్క పని చేస్తోంది. పురుగే ముదిరింది. ఈ విత్తనం ఊరూరా వెళ్ళిందంటే రెండేళ్ళలో అన్నీ ఇలాంటివే అవుతాయి, రైతు విత్తనానికి పెట్టిందీ పోయి, మందుకు పెట్టిందీ పోయి కూర్చుంటాడు అన్నారాయన. అమ్మకం ఆపమని రేపు కమిటీ ముందు బతికున్నవాటినే పెడతానన్నారు. కాగితాలైతే మార్చేస్తారట, పురుగును మార్చలేరట."

"ఇప్పుడు అవీ లేవు, ఆయనా లేడు."

అక్క తలుపు దగ్గరున్న ఆడ కానిస్టేబుల్ వైపు చూసి గొంతు తగ్గించింది.

"పన్నెండున్నాయి. ముందు బ్యాచీవి. శుక్రవారం నా చేతికిచ్చి ఇంటికి పట్టుకుపొమ్మన్నారు. పురుగులు కావు, ప్యూపాలు. తిండి మానేసి గోధుమరంగు గింజలా బిగుసుకుంటాయి చూడండి, అవి. వాటికి తిండీ అక్కర్లేదు, నీళ్ళూ అక్కర్లేదు. బొత్తాల పెట్టెలో రంపపుపొట్టు పోసి, అందులో పెట్టి అటకెక్కించాను. లోపల పురుగులని మా అత్తకు తెలిస్తే పెట్టెతో పాటు నన్నూ వీధిలో పెడుతుంది. ఎవరికీ చెప్పకండమ్మా. ఎవరికీ అంటే ఎవరికీ. ఆయన చివరిసారి నాతో అన్న మాట అదే."

"చెప్పను," అంది డిటెక్టివ్.

పదకొండూ పదిహేనుకి వరండాలో ఆమె ఫోను మోగింది. డైరెక్టరు.

"ఏమైనా మిగిలాయా?" అన్నాడు ఎత్తగానే.

శాస్త్రవేత్తల తీరే అంత అనుకుందామె. మనిషి పోయినా ముందు ప్రయోగం సంగతే అడుగుతారు. ఎవరికీ చెప్పనన్న మాట గుర్తుంది. కానీ పని అప్పగించిన మనిషి ఆ 'ఎవరికీ'లోకి రాడు. ఇన్నేళ్ళుగా ఆమె నియమం అదే, ఏనాడూ బెడిసికొట్టలేదు.

"పన్నెండు మిగిలాయి. అక్క ఇంట్లో, అటక మీద బొత్తాల పెట్టెలో. రేపు కమిటీకి అవి చాలు."

"మంచిది," అన్నాడు డైరెక్టరు. "చాలా మంచిది. మీరు పని కానివ్వండి."

అక్క సంగతి ఆయన అడగలేదు.

పదకొండూ ఇరవైకి చిన్న డాక్టరును పురుగుల గదికి పిలిపించింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చెదరని తెల్లకోటు, జేబులో రెండు పెన్నులు. ఆమెను కింది నుంచి పైకి చూశాడు.

"మీరు బోటనీ చదివారా?"

"బీయస్సీ. తర్వాత పెళ్ళి. తర్వాత పోలీసు లేబొరేటరీలో పన్నెండేళ్ళు వేలిముద్రలు."

"అంటే మా పని మీకు అర్థం కాదు."

"అందుకే అడుగుతున్నాను. శనివారం ఎన్నింటికి వెళ్ళారు?"

"ఆరున్నరకు. ఈరోజు వచ్చింది ఎనిమిదీ నలభైకి. రిజిస్టరులో ఉంది. అప్పటికే ఆయన పోయారు. చాలా?"

"కొత్త పత్తి మొక్కలు ఎక్కడ పెంచుతారు?"

"వెనక గ్లాస్‌హౌస్‌లో. ఇంకెక్కడా ఉండవు. పొలంలోవి పోయిన నెలలోనే పీకి కాల్చేశాం. తాళాలు రెండే, ఒకటి ఆయన దగ్గర, ఒకటి నా దగ్గర. ఆకు కాదు కదా, ఆకు తుంపు కూడా బయటికి పోదు."

"మంచిది. ఇంకో చిన్న సాయం చెయ్యండి." బల్ల మీద ఒక పళ్ళెంలో పది పురుగులున్నాయి, మామూలు పెంపకంలోవి. పక్కనే కప్పుల దొంతర, ఒక ప్లాస్టిక్ పెట్టె, నాలుగు ఆకులు. "వీటిని సాయంత్రం దాకా బతికుండేలా సర్ది పెట్టండి."

"ఇది నౌకర్లు చేసే పని."

"ఇప్పుడు నౌకరు మా మరిది స్వాధీనంలో ఉంది. మీరే చెయ్యాలి."

"వదినగారూ, నలభై నిమిషాల్లో విలేకరులు వస్తారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు విసుగ్గా. "ఇక్కడ పేరంటం పెట్టారా?"

చిన్న డాక్టరు పళ్ళెం ఎత్తి పది పురుగుల్నీ ప్లాస్టిక్ పెట్టెలోకి వంచాడు. రెండు ఆకులు పడేసి మూత నొక్కాడు. చేతులు దులుపుకున్నాడు. మొత్తం పది సెకన్లు.

"ఇంకేమైనా ఉందా?"

"ఉంది. ఆ కుర్చీలో కూర్చోండి."

అక్కను తీసుకొచ్చారు. గడప దాటుతూనే ఆమె చూపు బల్ల మీది పెట్టె మీద పడింది. చేతికి బేడీ ఉందన్న సంగతే మరిచిపోయి ముందుకు ఉరికింది. గొలుసు పట్టుకున్న కానిస్టేబుల్ తూలిపోయాడు.

"ఎవరు చేశారిది? బుద్ధుండాలి! అన్నిటినీ ఒక్కచోట పోస్తారా? ఒకదాన్నొకటి పీక్కు తినెయ్యవూ!"

మూత లాగింది. బల్ల సొరుగులోంచి సన్నటి కుంచె తీసింది. తొందరలో కూడా కుంచె కొసను వేలితో తడిమి చూసుకుంది, మెత్తగా ఉందో లేదో అని. ఒక్కో పురుగునూ ఎత్తి ఒక్కో కప్పులో దించింది. నాలుగోదాని దగ్గర ఆగింది.

"చూడండి, అప్పుడే పట్టేసుకుంది. నడుం దగ్గర కొరికేసింది. ఆకులు ఎన్ని వేసినా అంతే, దీని గుణమే అంత. పక్కన ఇంకోటి కనపడకూడదు. అందుకే కదమ్మా ఒక్కో పురుగుకూ ఒక్కో కప్పు. పదకొండేళ్ళుగా ఈ కప్పులు కడుక్కుంటూ చస్తున్నది దేనికనుకున్నారు?"

చిన్న డాక్టరు తన బూట్ల వైపు చూస్తున్నాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ," అంది డిటెక్టివ్. ఆ పొద్దున ఆమె అతన్ని అలా పిలవడం అదే మొదలు. "లాకరులో దొరికిన పెట్టె తెప్పించండి."

సీలు వేసిన సంచీ వచ్చింది. మూత తీస్తే లోపల వేలంత లావున మూడు పురుగులు, ఈనెలు మాత్రం మిగిలిన ఆకులు, అడుగున నల్లటి పెంటికలు, వాటి మధ్య ఆవగింజల్లాంటివి గోధుమరంగువి.

అక్క ఒంగి చూసింది. మొహం వాడిపోయింది. "నా ఏడో ట్రే. ఇవి తల చిప్పలు. తల గట్టిగా ఉంటుంది, అదొక్కటీ తినవు."

"నీకు మూడు పురుగులు దొరికాయి," అంది డిటెక్టివ్ మరిదితో. "పెట్టెలో వేసింది నలభై రెండు. మిగతావాటిని ఎవరూ అమ్మలేదు, ఈ మూడే తినేశాయి. అక్క దొంగిలిస్తే ఇలా ఒక్క పెట్టెలో పోస్తుందా? ఇప్పుడే చూశావుగా. ఆవిడ చేతికి ఆ పని రాదు."

"ఇన్ని తినడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఒక పూటలో అయ్యేది కాదు," అంది అక్క. "రెండు రోజులు."

"ముద్దాయినే సాక్షిని చేశారా, వదినా?"

'గారు' ఎగిరిపోయింది. డిటెక్టివ్‌కు అది మంచి గుర్తులా కనిపించింది.

"ఆవిడ మాట నమ్మకు. శనివారం అయిదూ పదికి ఆవిడ సంచీ వెతికి గేటు దాటించారు. నీ రిజిస్టరులోనే ఉంది. ఆదివారం రాలేదు. ఈరోజు ఎనిమిదీ అయిదుకి వచ్చి, ఏడు నిమిషాల్లో ఒక మనిషిని చంపి, ముప్పై తొమ్మిది పురుగుల్ని తినిపించి, కేకలు వేసిందా? ఇక ఆకు సంగతి. అక్కా, ఈ ఆకు మామూలు పత్తిదో, కొత్త పత్తిదో తెలుసుకోవచ్చా?"

"పట్టీ వేస్తే తెలుస్తుంది. ఒక గీత పడితే మామూలుది. రెండు పడితే కొత్తది."

చిన్న గొట్టంలో ఈనె ముక్క వేసి, నాలుగు చుక్కల మందు పోసి, పుల్లతో నలిపి, సన్నటి కాగితం పట్టీ ముంచింది అక్క. బేడీ ఉన్న చేత్తోనే చేసింది. పదకొండూ ముప్పై ఎనిమిది. తడి పట్టీ మీద మెల్లగా పైకి పాకింది. ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకుంటూనే పట్టీ వైపు ఒంగాడు. పదకొండూ నలభై మూడుకి మొదటి ఎర్ర గీత కనిపించింది.

"ఒకటే," అన్నాడు ఇన్‌స్పెక్టరు తృప్తిగా.

"ఆగండి," అంది అక్క.

పదకొండూ నలభై అయిదుకి దాని కింద రెండో గీత తేలింది. సన్నగా ఉంది కానీ అనుమానం లేకుండా ఉంది.

"గ్లాస్‌హౌస్ తాళాలు రెండే," అంది డిటెక్టివ్ చిన్న డాక్టరు వైపు తిరిగి. "మీరే చెప్పారు. ఒక తాళం మనిషి తన సాక్ష్యాన్ని తనే పాడుచేసుకోడు."

చిన్న డాక్టరు ఆమె మాట విన్నట్టే లేడు. పెట్టెలోని మూడు పురుగుల వైపు చూస్తున్నాడు. అందులో ఒకటి మిగిలిన ఈనె మీద నింపాదిగా పాకుతోంది.

"చావాలి," అన్నాడు. "నా ఆకే వేశాను. శనివారం నుంచి... చచ్చి ఉండాలి కదా."

ఆ తర్వాత తానేమన్నాడో తనకే అర్థమైంది. జేబులోంచి పెన్ను జారి కింద పడింది.

"మీ మొక్క మీద మీకున్న నమ్మకం మెచ్చుకోదగ్గది," అంది డిటెక్టివ్. "దాంతోనే పట్టుబడ్డారు. ఆయన చెప్పింది అబద్ధమనుకున్నారు. రెండు రోజులు మీ ఆకు తింటే అన్నీ చచ్చిపోతాయి, పెద్దాయన దగ్గర చూపించడానికేమీ మిగలదు అనుకున్నారు."

"నేను చంపలేదు! పురుగుల సంగతి ఒక్కటే నేను చేసింది. మనిషిని ముట్టుకోలేదు. నేను వచ్చేసరికి ఎనిమిదీ నలభై. ఆ పెట్టె ఆవిడ లాకరులో పెట్టమన్నారు, పెట్టాను. అంతే."

"ఎవరు పెట్టమన్నారు?"

చిన్న డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"పేరు చెప్పు!" ఇన్‌స్పెక్టరు అతని కాలరు పట్టుకున్నాడు. గంటసేపు వదిన మీద దాచుకున్న కోపమంతా ఆ పట్టులో ఉంది.

"చెబితే నేను బతకను సార్. నా ఉద్యోగం, నా... నన్ను అడక్కండి."

"ఎవరో ఒకరు నీచేత చేయించారంటావు. మరి ఆ మనిషి గేటు ఎలా దాటాడు? గాలిలో వచ్చాడా? ఏడూ పది నుంచి ఎనిమిదీ అయిదు దాకా రిజిస్టరులో ఒక్క పేరూ లేదు!"

ఆ ప్రశ్న డిటెక్టివ్‌నూ గుచ్చుతోంది. దానికి జవాబు తను పొద్దున ఎక్కడో విన్నట్టుంది, ఎక్కడో గుర్తుకు రావడం లేదు.

"ముందు అక్క బేడీ తియ్యి," అంది.

ఇన్‌స్పెక్టరు తాళంచెవి తీసి బల్ల మీదికి విసిరాడు. తన చేత్తో తియ్యడం అతనికి ఇష్టం లేదు. కానిస్టేబుల్ తీశాడు. అక్క మణికట్టు రుద్దుకుంది, కృతజ్ఞత చెప్పలేదు.

"నా ఫోను ఇవ్వండి. మా అత్తకు చెప్పాలి. పొద్దున్నుంచి నేనేమయ్యానో ఆవిడకు తెలీదు. తిట్టడానికి మనిషి దొరక్క ఆవిడకూ తోచదు."

"స్పీకరు పెట్టు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నేను వినాలి."

పదకొండూ యాభై రెండు. మూడుసార్లు మోగాక అత్త ఎత్తింది. చెవులు సరిగా వినపడని మనిషి గొంతు, గది అంతా నిండింది.

"ఎక్కడ చచ్చావే? ఫోను చెయ్యవు, ఏం లేదు! మనిషిని పంపే ముందు ఒక మాట చెప్పొద్దూ? ఇల్లంతా చిందరవందరగా ఉంది, ఆయన మొహం మీద తలుపు ఎలా వేస్తాను?"

"ఎవర్ని పంపానత్తా? నేనెవర్నీ పంపలేదే!"

"ఆ? గట్టిగా చెప్పు! మీ ఆఫీసు నుంచి వచ్చాడు, పాపం పెద్దమనిషి. నువ్వే పంపావట. మన బొత్తాల పెట్టె కావాలట. అంత పెద్ద ఆఫీసుకు నాలుగు బొత్తాలు కొనుక్కోవడానికి గతి లేదా అన్నాను. నవ్వాడు. కోటుకు గుండీ ఊడిపోయింది, నిజమే, నేనూ చూశాను. కుర్చీ ఎక్కి అటక మీంచి నేనే తీసిచ్చాను, ఆయనెక్కడ ఎక్కగలడు, చేతికర్ర మనిషి!"

డిటెక్టివ్‌కు పొద్దున చూసిన చేతికర్ర కళ్ళ ముందు మెదిలింది.

నల్లబడ్డ పిడి. తోమిన పొన్ను. రూపాయి బిళ్ళంత, గుండ్రంగా, లోతుగా.

"ఆయన కారు రిజిస్టరులో రాయరు," అంది. "హారన్ వింటే గేటు తీస్తారు. నన్ను ఆ కార్లోనే పంపాడు."

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. కిందపడ్డ పెన్ను ఏరుకోవడానికి ఒంగిన చిన్న డాక్టరు అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఇక పేరు అడగక్కర్లేకపోయింది.

"ఆ పెట్టె సంగతి ఆయనకెలా తెలిసింది?" అక్క నెమ్మదిగా డిటెక్టివ్ వైపు తిరిగింది. "నేను మీకొక్కరికే చెప్పాను."

హంతకుణ్ణి వెతకడానికి ఆయన తనను పిలవలేదు. పెద్ద డాక్టరు ఏం దాచాడో, ఎక్కడ దాచాడో వెతికించుకోవడానికి పిలిచాడు. ఏమైనా మిగిలాయా అని అడిగితే, ఇంటి అటకతో సహా చెప్పింది తనే. ఇదంతా అక్కకు చెప్పే ధైర్యం ఆమెకు లేకపోయింది. అక్కకు చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. అంతా అర్థమైందని అక్క కళ్ళలోనే తెలుస్తోంది.

"అత్తా! బయటికి వెళ్ళు! పక్కింటికి వెళ్ళు!" అక్క ఫోనులోకి అరిచింది. "అత్తా, వింటున్నావా?"

"ఆ? వినపడ్డం లేదే. ఉండు, ఆయన మాట్లాడతాడట. ఇదుగో బాబూ, తీసుకో."

ఇన్‌స్పెక్టరు అప్పటికే గుమ్మం దాటి జీపు డ్రైవరును పిలుస్తున్నాడు. గేటు బయట విలేకరుల బండ్లు ఆగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఫోనులో గచ్చు మీద కర్ర ఆనించిన చప్పుడు వచ్చింది. తర్వాత ఆగి ఆగి మాట్లాడే ఆ గొంతు.

"డిటెక్టివ్ గారు అక్కడే ఉన్నారా? పన్నెండూ ఉన్నాయండీ. మీరు చెప్పినట్టే, అటక మీదే." కాసేపు ఊపిరి. దూరంగా అత్త ఏదో గిన్నె కింద పెడుతోంది. "ఒక్కటే ఇబ్బంది. ఈ పెద్దావిడకు చెవులే సరిగా లేవు. కళ్ళు మాత్రం బాగున్నాయి."